నీళ్ల గొట్టం

పశువ్యాధుల ప్రయోగశాలలో పరీక్ష ముగిసింది. ఫలితం మాత్రం నీలవేణికి మింగుడుపడలేదు.

బయట వరండాలో సోములమ్మ పొద్దుటినుంచి కూర్చొని ఉంది. ఆమె చూడి ఆవు ఒంటిమీద బుడిపెలు లేచాయి. ఊరవతల దాన్ని ఒంటరిగా కట్టేసి వచ్చింది. అవి ఈగకాట్లయితే ఇంటికి తోలుకోవచ్చు; మందకంతా అంటుకునే ముద్దచర్మ వ్యాధే అయితే జబ్బుపడ్డ పశువుల పాకలోకి తోలాలి. "ఇంటికా, పాకకా? ఒక్క మాట చెప్పు తల్లీ. నేడో రేపో ఈనేట్టుంది" అని అప్పటికే చాలాసార్లు అడిగింది.

యంత్రం ఆవు నమూనాలో వైరస్ ఉందనే చూపింది. అయితే ప్రతి పరీక్షలోనూ ఒక గొట్టంలో నమూనాకు బదులు ఉత్త నీళ్లు పోస్తారు. అందులో ఏమీ కనబడరాదు. ఈసారి అందులోనూ వైరస్‌ను చూపే గీత తెరమీద పైకి లేచింది.

"కొంచెమే లేచింది సార్. ఆవుది బాగా పైకుంది. పాకకని చెప్పేద్దామా?"

ప్రయోగశాల పెద్ద పరాంకుశం గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "నీళ్లకూ జబ్బు చేసిందంటావా?"

ఆయన చూపు నీలవేణి కోటు జేబులోని కలం మీద నిలిచింది. దాన్ని అడిగి తీసుకొని, సుద్దముక్కతో ఆసాంతం రుద్ది, తిరిగి చేతికిచ్చారు. ఉదయం చేసిన పనినే ఖాళీ గొట్టాలతో మళ్లీ చేయమన్నారు.

ఆమె పరీక్ష గొట్టాలు సిద్ధం చేసే ముందుగదిలో కూర్చుంది. చేతితొడుగులు వేసుకొని, గొట్టాలమీద గుర్తులు రాసింది, మూతలు తీసింది, నీళ్ల సీసా తెరిచింది. ముగించి చూసుకుంటే తొడుగుల వేళ్లు తెల్లగా ఉన్నాయి. మూతలు తెల్లగా ఉన్నాయి. నీళ్ల సీసా అంచున సన్నని తెల్లటి చార.

అప్పుడు కలానికి చుట్టిన ఎర్రపట్టీ ఆమె కంటబడింది. వైరస్ నమూనాలు తెరిచే వెనకగది వస్తువులకే ఆ పట్టీ వేస్తారు. అక్కడిది ఏదీ ముందుగదికి రాకూడదు. ఉదయం తన కలం రాయకపోతే, తొందరలో అక్కడి బల్లమీదిది అందుకొంది.

"బల్ల తుడిచి, కొత్త సీసాలు తెరిచి, మొదటినుంచి చేస్తాను సార్." ఆమె వరండా వైపు చూసింది. "అందాకా ఆవిడకు ఏం చెప్పను?"

"తెలిసింది చెప్పు."

"ఏమీ తెలియలేదు కదా సార్."

"అదే."

నీలవేణి కలాన్ని వెనకగదిలో పెట్టింది. తొడుగులు విప్పి, చేతులు కడుక్కొని, వరండాలోకి నడిచింది. ఆమె ముఖం చూడగానే సోములమ్మ లేచి నిలబడింది.