లక్కపిడతల్లో అన్నం

దక్షిణామూర్తి మేష్టారికి ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి! తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళుగా అచ్చియ్యమ్మ ఆశ్రమంలో వాకిలి ఊడ్చాడు, నీళ్ళు తోడాడు. మంత్రోపదేశం ఎప్పుడమ్మా అని అడిగినప్పుడల్లా "సూద్దాం నాయనా" అన్న జవాబును చేదుమాత్రలా మింగాడు. చివరికి మొన్న ఆవిడే పిలిచి, "గురువారం పొద్దున్న పదింటికి రా, చెవిలో సెప్తాను" అంది. ఆ మాట పట్టుకుని మూడు రోజులు ఉపవాసం చేశాడు. పంచాంగం తిరగేసి, పదీ నలభైకి మంచి ఘడియలు దాటిపోతాయని లెక్క తేల్చాడు. అంతటితో ఊరుకున్నాడా? విజయనగరం నుంచి బావమరిదినీ, తనతోపాటు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైన మరో ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చాడు.

ఎందుకంటే, చూడ్డానికి. అచ్చియ్యమ్మ ఒకప్పుడు సంతలో ఎండుచేపలు అమ్మిన మనిషి. వేలిముద్ర తప్ప సంతకం తెలియదు. అలాంటి ఆవిడ కాళ్ళకు, నాలుగు శాస్త్రాలు నమిలి మింగిన తాను సాష్టాంగపడతాడు. ఎంత వినయం! అంత వినయాన్ని నలుగురూ చూడకపోతే అది ఎందుకు పనికొస్తుంది, చెప్పండి?

పది అయింది. పదీ ఇరవై అయింది. అచ్చియ్యమ్మ గదిలో లేదు. వంటశాల వెనకనుంచి ఆవిడ నవ్వు మాత్రం వినబడుతోంది.

మేష్టారు పంచె ఎగ్గట్టుకుని అటు నడిచాడు. వెంట వచ్చిన ముగ్గురూ వెనకే నడిచారు.

ఎనభై ఏళ్ళ ముసలమ్మ మట్టిలో చతికిలబడి కూర్చుని ఉంది. ఎదురుగా వంటామె కూతురు పైడితల్లి, ఆరేళ్ళది. ఇద్దరి మధ్యా గులాబీరంగు ప్లాస్టిక్ గ్యాస్ పొయ్యి. విశాఖపట్నం భక్తుడెవరో పంపించాడు. మీట నొక్కితే ఎర్రదీపం వెలిగి, చుయ్యిమని తాలింపు చప్పుడు చేసి, ఆపైన ఇంగ్లీషులో పాట కూడా పాడుతుందట. అచ్చియ్యమ్మ నొక్కిన మీటే నొక్కుతోంది. పొయ్యి కిక్కురుమనడం లేదు.

"ఏటే, ఎలగదేం?"

"గ్యాస్ అయిపోనాది," అంది పైడితల్లి. బ్యాటరీల గొడవ దానికెందుకు!

"మరి బండెప్పుడొస్తాదంట?"

"బుక్ సేసి నాల్రోజులైంది. ఆడు రాడు. ఆడికి పొగరు."

ముసలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

పైడితల్లి నవ్వలేదు. తినాల్సిన మనిషి వచ్చి నిలబడితే నవ్వుతూ కూర్చునే ఇల్లాలు ఎవరైనా ఉంటుందా? ప్లాస్టిక్ పొయ్యిని పక్కకి నెట్టేసి, మూడు రాళ్ళు తెచ్చి పేర్చింది. బుట్ట బోర్లించింది. ఏటికొప్పాక లక్కపిడతలు. తల్లి చిన్నప్పుడు ఆడుకున్నవి, పసుపూ ఎరుపూ వేళ్ళ రాపిడికి వెలిసిపోయినవి. గుండిగ, చట్టి, గరిటె, రెండు పళ్ళేలు. బియ్యం లేవు, నీళ్ళు లేవు. అయినా బియ్యం కడిగింది. కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా గేదె కుడితికని పక్కన పెట్టింది. ఎసరు పెట్టి, రాళ్ళ మధ్యకి వంగి ఊదింది. పొగకి కళ్ళు నులుముకుంది.

"అమ్మా, ముహూర్తం," అన్నాడు మేష్టారు.

"ఉండు నాయనా. అన్నం ఉడుకుతంది."

"పదీ నలభైకి దాటిపోతుందమ్మా."

"అయితే ఉడకని అన్నం దింపీమంటావా?"

వెనకాల బావమరిది దగ్గాడు. దగ్గు కాదది, నవ్వుకి వేసిన ముసుగు. మేష్టారి వీపు మీద చెర్నాకోలలా తగిలింది.

"కూకో మేస్టారూ," అంది పైడితల్లి, తల ఎత్తకుండానే. "మూడ్రోజుల్నించి ఏటీ తిన్లేదంట గదా. మాయమ్మ సెప్పింది. నీకోసరమే పెద్ద గుండిగ పెట్టాను."

అరచేతిలో పట్టే పళ్ళెం ఆయన కాళ్ళ ముందు పెట్టి, రెండు గరిటెలు వడ్డించింది. కాస్త ఆలోచించి మూడోదీ వేసింది.

"ఏడిగుంది. ఊదుకుని తిను."

"ఏముంది ఇందులో ఊదుకోడానికి?"

"అన్నం."

"కళ్ళున్నాయా నీకు? ఖాళీ పళ్ళెం!" మేష్టారు గురువు వైపు తిరిగాడు. "అమ్మా, నేను రోజూ మానసపూజ చేస్తున్నాను. పువ్వు లేదు, పండు లేదు, అంతా భావనే. బంగారు పళ్ళెంలో పంచభక్ష్యాలు మనసులోనే వండి దేవుడికి పెడుతున్నాను. ఇంతమందిలో నా అంత దూరం వచ్చినవాడు ఎవడున్నాడు? అలాంటివాణ్ణి తీసుకొచ్చి బొమ్మలాటలో కూర్చోబెడతారా?"

"అంత దూరం వొచ్చీసేవా?" అంది అచ్చియ్యమ్మ. "మంచిది. అయితే తిను."

చేతిగడియారం చూసుకున్నాడు. పదీ నలభై ఒకటి.

తొమ్మిదేళ్ళ చాకిరీ, మూడు రోజుల ఆకలి, బావమరిది దగ్గు, అన్నీ కలిసి కాలిలోకి దిగాయి. ఒక్క తన్ను తన్నాడు. పళ్ళెం పల్టీ కొట్టింది. గుండిగ ఎగిరి కట్టెలమోపులో పడింది. గరిటె ఎటు పోయిందో పోయింది. ఇంత శాస్త్రం చదివిన కాలు ఆరేళ్ళ పిల్ల పొయ్యి మీదికి ఎంత సులువుగా లేచింది!

పైడితల్లి గుండిగ వైపు చూడలేదు. నేల వైపు చూసింది.

"అన్నం ఒలికిపోనాది," అంది. అప్పుడు ఏడ్చింది.

అచ్చియ్యమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. బుగ్గలు అదిరాయి. వెంట వచ్చిన ముగ్గురూ తమకు తెలియకుండానే అడుగు వెనక్కి వేశారు. సంతలో తక్కెడ దగ్గర మోసం చేసినవాణ్ణి మూడూళ్ళకు వినబడేలా కడిగేసిన నోరది. తెరిచిందంటే ఇక ఆపేవాళ్ళుండరు.

తెరవలేదు.

లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సిన ఆ మోకాళ్ళ మీదే వంగింది. ఎడమ అరచెయ్యి దొప్పలా పట్టి, కుడిచేతి రెండు వేళ్ళతో నేల మీంచి ఒక మెతుకు తీసింది. మట్టి అంటిందేమోనని ఉఫ్ మని ఊదింది. దొప్పలో వేసుకుంది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తొందర లేదు, నటన లేదు. దొప్ప నిండినప్పుడల్లా పళ్ళెంలో ఒంపి, మళ్ళీ వంగుతోంది. పైడితల్లి ముక్కు తుడుచుకుని, రెండోవైపు నుంచి ఏరడం మొదలుపెట్టింది.

బావమరిదికి దగ్గు రాలేదు.

"అమ్మా," అన్నాడు మేష్టారు. "లేవండమ్మా. నలుగురూ చూస్తున్నారు. అక్కడేం లేదు."

ఆవిడ ఏరుతూనే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కొక్క మెతుకే తీస్తూ, ఆయన పాదాల దాకా వచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది. తల ఎత్తి చూసింది. ఆ చూపుకి ఎండుగడ్డి అంటుకుంటుంది.

"కాలు తియ్యి," అంది. "మెతుకులు తొక్కేస్తన్నావు."

మేష్టారి కాలు ఆయన్ని అడక్కుండానే పైకి లేచింది.

లేచిన పాదం ఎక్కడ దించాలో తెలియక, కళ్ళతో నేలంతా వెతుకుతూ, ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు.