ఆకలేసిన దేవర

ఒకానొక రాజ్యంలో అద్దాలకు తీరిక ఉండేది కాదు. అక్కడి రాజు మార్తాండ భూపాలుడు పూటకో అద్దంలో మొహం చూసుకుని, పొద్దుటికంటే సాయంత్రానికి తన తేజస్సు ఎంత పెరిగిందని కొలువులో అందరినీ అడిగేవాడు. పెరిగిందనే చెప్పేవాళ్ళు. చెప్పి చెప్పి వాళ్ళకీ, విని విని ఆయనకీ, రాజు మానవమాత్రుడు కాడనే నమ్మకం కుదిరిపోయింది.

ఆ కొలువులో ఇన్నాసమ్మ అనే ఆవిడ ఉండేది. రాణివాసంలో కథలు చెప్పడానికి వచ్చి, నోటి చలువవల్ల కొలువులో స్థిరపడింది. క్రైస్తవురాలు. ఊరి చివర వాళ్ళవాళ్ళు కట్టుకున్న తాటాకుల గుడి ఒకటుంది. వాన పడితే లోపల తడవని చోటు పీఠం ఒక్కటే. ఆ కప్పుకి పెంకులు వేసుకోవడానికి అనుమతి అడుగుదామని ఆమే అందరినీ ఒప్పించి, ఒకరోజు రాజు ముందు నిలబడింది.

రాజు తన పక్కనున్న ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి వైపు చూసి మీసం దువ్వాడు.

"ఇన్నాసమ్మా, మీ దేవుడు పడవలో నిద్రపోయాడటగా?"

"పోయాడు దేవరా. తుఫాను వచ్చినా లేవలేదు. అంతలా అలిసిపోయాడు పాపం."

"బావి దగ్గర ఎవరినో మంచినీళ్ళు అడిగాడట."

"అడిగాడు. ఎండలో నడిచొచ్చాడు మరి."

"స్నేహితుడు పోతే ఏడ్చాడట కూడా."

"ఏడ్చాడు."

సోమయాజి కిసుక్కున నవ్వాడు. "దేవుడికి అలుపేమిటి, దప్పికేమిటి? దేవుడైతే మనిషి కాడు, మనిషైతే దేవుడు కాడు. ఒక్కడే రెండూ ఎలా అవుతాడమ్మా?"

"అదీ మాట" అన్నాడు రాజు. "రేపు సాయంత్రంలోగా తేల్చు. తేల్చలేకపోయావో, మీ గుడిలో మా ఏనుగులకి గడ్డి వేయిస్తాను."

ఇన్నాసమ్మ పెంకులకని వచ్చి, ఉన్న తాటాకులు కూడా పోగొట్టిందంటే వాళ్ళవాళ్ళు ఇక ఆమె మొహం చూడరు.

"అలాగే దేవరా. రేపు ఏలినవారి పుట్టినరోజు కదా, ఒక్క మనవి. తమరిని పీఠమెక్కించి, గుళ్ళో దేవుడికి ఎలా జరుగుతుందో అలాగే పూజ జరిపిస్తే కళ్ళారా చూస్తాం. సోమయాజిగారి చేతుల మీదుగానే. ఒక్క ఉపచారం కూడా తగ్గకూడదు."

రాజు అద్దంలోకి చూసుకున్నాడు. "నాకూ అదే తోచింది" అన్నాడు.

తెల్లవారగానే బిందెలకొద్దీ చన్నీళ్ళతో అభిషేకం మొదలైంది. రాజు తుమ్మాడు.

"దేవుడు తుమ్మడు ప్రభూ" అని సోమయాజి చెవిలో చెప్పాడు.

తర్వాత నైవేద్యం. పులిహోర, చక్రపొంగలి, నేతి గారెలు. ఆ వాసనకి ప్రాణం లేచొచ్చి రాజు ఒక గారె మీద చెయ్యి వేశాడు. సోమయాజి మెల్లిగా ఆ చెయ్యి తీసి ఆయన ఒళ్ళోనే పెట్టాడు.

"తమరు చూపుతోనే ఆరగించాలి."

తెర లాగాడు, గంట కొట్టాడు, తెర తీశాడు. పళ్ళెం బయటికెళ్ళిపోయింది. గుమ్మం అవతల భటులు కళ్ళకద్దుకుని గారెలు కరకరా నములుతున్న చప్పుడు లోపలికి వినపడింది.

మధ్యాహ్నం మహానైవేద్యం. అదీ అదే దారిన పోయింది. ముక్కు మీద ఈగ వాలింది. దేవుడు ఈగలు తోలుకోడు కాబట్టి అది తీరిగ్గా కూర్చుంది.

"కాస్త పెరటివైపు వెళ్ళొస్తానయ్యా" అన్నాడు రాజు.

"దేవుడికి ఆ పనుండదు ప్రభూ." శాస్త్రం విషయంలో సోమయాజి ఎవరి మాటా వినేరకం కాదు.

సాయంత్రం మూడో పళ్ళెం కదలబోయేసరికి రాజు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. సోమయాజీ వదల్లేదు.

"వదలవయ్యా. నేను దేవుణ్ణే, ఎవరు కాదన్నారు? కానీ నాకు ఆకలేస్తోంది."

ఇన్నాసమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"దేవుణ్ణన్నారు, ఆకలన్నారు. రెండూ ఒక్క నోటితోనే. ఇక నేను తేల్చేదేముంది దేవరా? సోమయాజిగారూ, మీరే చెప్పండి. ఏలినవారు దేవుడు కారా? లేక ఏలినవారికి ఆకలి వేయట్లేదా?"

సోమయాజి పళ్ళెం వదిలేశాడు.

రాజు గారె బుగ్గన పెట్టుకుని ఆలోచించాడు. "అయితే నేనూ మీ దేవుడూ ఒకటేనంటావు."

"ఒక్క తేడా ఉంది దేవరా, కోప్పడనంటే చెబుతాను. తమరు కింద పుట్టి పైకెక్కి కూర్చున్నారు. ఎక్కాక తెలిసింది, అక్కడా ఆకలేస్తుందని. ఆయన పైనుంచి దిగాడు. కింద ఆకలేస్తుందని తెలిసే దిగాడు."

నమలడం ఆగింది. భటులు ఇన్నాసమ్మ మెడ వైపు చూశారు.

"మరి ఆయనకి ఆకలేస్తే ఎవరు పెట్టేవాళ్ళు?" అన్నాడు రాజు.

"ఎవరు పిలిస్తే వాళ్ళింట్లో కూర్చుని తినేవాడు. సుంకాలు వసూలు చేసేవాళ్ళ ఇళ్ళల్లోనూ తిన్నాడు. దాంతో గిట్టనివాళ్ళు తిండిపోతని పేరు పెట్టారు."

"దేవుణ్ణి పట్టుకుని తిండిపోతన్నారా?" రాజుకి నవ్వు తన్నుకొచ్చింది. గారె ముక్క ఎగిరి సోమయాజి కండువా మీద పడింది. "నన్నూ వెనకాల అదే అంటారు, నాకు తెలుసు."

కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ గుడికి ఖజానా నుంచే పెంకులు వేయించమని ఆజ్ఞాపించాడు. ఇన్నాసమ్మకి తన ఎదురుగా విస్తరి వేయించి, గారెలు తన చేత్తోనే వడ్డించాడు.

సోమయాజి కండువా దులుపుకుని దగ్గరికొచ్చాడు. "రేపటి నైవేద్యానికి ఏం వండించమంటారు ప్రభూ?"

"నీకేవి ఇష్టమో అవి వండించుకో" అన్నాడు రాజు. "రేపు పీఠమెక్కేది నువ్వే."