వేగు మైలారుడు, మాంత్రికుడి చిలక

అనగనగా కనకగిరి రాజ్యం. ఆ రాజుగారికి ఒక్కడే కొడుకు, జయశీలుడు. వాళ్ల కోటలో గుర్రాలకు మాలీసు చేసే మైలారుడు, ఏడు సముద్రాల అవతలి ఘోరజటుడనే మాంత్రికుడి వేగులవాడని ఎవరికీ తెలియదు.

వాడేమీ ఆశపడి ఆ పనికి ఒప్పుకోలేదు. ఘోరజటుడు వాడి భార్య నాగులును రాతిబొమ్మను చేసి తన గుహలో పెట్టుకుని, మూడు రహస్యాలు తెచ్చిస్తే విడిచిపెడతానన్నాడు. మైలారుడు మొదట కోట దొడ్డిదారి చెప్పాడు. తరువాత సైన్యమెంతో చెప్పాడు. ఆఖరికి, యువరాజు పెళ్లాడబోయే సుగాత్రి ఏ తోటకు షికారెళుతుందో చెప్పాడు. మాంత్రికుడు గద్దలా వచ్చి ఆమెను కూడా ఆ గుహకే ఎత్తుకుపోయి, రాయిని చేశాడు. నాగులును మాత్రం విడవలేదు. యువరాజుకు విషం పెట్టి రమ్మన్నాడు.

మైలారుడు తిరిగొచ్చి జయశీలుడి కాళ్లమీద పడి, ఉన్నదంతా చెప్పేశాడు. మాంత్రికుడి ప్రాణం గుహలో పంజరంలోని చిలకలో ఉందనీ, దానికి దెబ్బ తగిలిన రోజున వాడు మంచమెక్కడం తాను చూశాననీ అన్నాడు. ఇదీ మాయోపాయమేనని, వాడి తల తీయించమని మంత్రి పట్టుబట్టాడు.

"నిన్నెలా నమ్మను?" అన్నాడు యువరాజు.

"నమ్మొద్దు ప్రభూ. నన్ను కట్టి ముందు నడిపించండి. అబద్ధమైతే మొదట చచ్చేది నేనే."

మైలారుడి నడుముకు తాడు కట్టి, కోట లాయంలోని మాటలొచ్చిన రెక్కల గుర్రం మీద ఇద్దరూ బయలుదేరారు. మైలారుడు తాగితేగాని యువరాజు నీళ్లు ముట్టలేదు. వాడు నిద్రపోతేగాని కన్ను మూయలేదు. "నాకూ వీడంటే అనుమానమే," అంది గుర్రం.

మాంత్రికుడు వేటకు పోయిన వేళ గుహ చేరారు. మైలారుడు పంజరంలో చెయ్యి పెట్టగానే, చిలక అచ్చం నాగులు గొంతుతో, "మావా, నా ప్రాణమూ దీంట్లోనే ఉంది. చంపకు," అంది.

వాడి చెయ్యి ఆగిపోయింది. యువరాజు కత్తి వాడి మెడ మీదికొచ్చింది. అంతలో వాడి ముఖం చూసి, జయశీలుడు కత్తి దించి కట్లు కోశాడు. "నీ భార్య. నువ్వే తేల్చుకో," అన్నాడు.

మాంత్రికుడి మాట మూడుసార్లు నమ్మి మూడుసార్లూ మోసపోయానని తలచుకుని, ఈ గొంతూ వాడి మాయేనని మైలారుడు కళ్లు మూసుకుని చిలక మెడ నులిమేశాడు. ఎక్కడో అడవిలో పెద్ద కేక వినిపించింది. సుగాత్రి లేచింది. నాగులు మాత్రం కదల్లేదు. మైలారుడు నేలమీద కూలబడ్డాక, నెమ్మదిగా రెప్పలాడించింది.

జరిగిందంతా విని ఆమె సంతోషించలేదు. "ముందు ఆ అమ్మాయికి చెప్పు," అంది.

వాడు చెప్పాడు. "గుర్రాలను చూసుకో. నన్ను మాత్రం నీ గుర్రం ఎక్కమనకు," అంది సుగాత్రి.

పెళ్లి వైభవంగా జరిగింది. జయశీలుడు రాజై, జనం మెచ్చేలా కలకాలం ఏలాడు. సుగాత్రి మాత్రం మొదటి కొడుకు పుట్టాకే, మైలారుడు పట్టుకు నిలుచున్న కళ్లెం అందుకుంది.