కిందనే ఉన్న ముల్లు

మధ్యాహ్నం మూడు గంటలు. మబ్బు పట్టి ఉంది. వాన లేదు, ఉక్కపోత. మా అమ్మాయి వైదేహిని వాళ్ళ నాన్న దగ్గర కూర్చోబెట్టి, నా కొడుకు బ్రహ్మంతో కలిసి నరసరావుపేటలో మస్తాన్ గారి కార్ల షెడ్డుకి వెళ్ళాను. వాడు ఆరేళ్ళుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ఆ రోజు పని మానేస్తానని చెప్పడానికి బయల్దేరాడు. ఒక్కణ్ణీ వెళ్ళలేనన్నాడు.

మస్తాన్ గారికి ఒక అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. ఏదో ఒక వస్తువు చేతికిచ్చి చేయిస్తారు. అర్థమైతే సరే, కాకపోతే మళ్ళీ చేయిస్తారు.

బ్రహ్మం కూర్చోలేదు. నిలబడే అడిగాడు.

"గురువుగారూ, వేడి చూపించే ముల్లు కిందే ఉంది. నేను చూశాను. ఇంజన్ చల్లగా ఉందని మీటరే చెప్తుంటే నేనింకేం చూడాలి?"

జరిగింది ఇది. తుక్కుకి పోతున్న ముప్పై ఏళ్ళ నాటి ఇంజెక్షన్ కారు, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే రకం, ఒకటి వాడు కొన్నాడు. ఏడాది పాటు ఆదివారాలన్నీ దాని కిందే పడుకుని బాగుచేశాడు. ఇంజన్‌కి కొత్త నీళ్ళ గొట్టం వేసిన మర్నాడే అందరం అందులో శ్రీశైలం బయల్దేరాం. దోర్నాలలో టీకి ఆగాం. బండి ఆగింది గానీ ఇంజన్ నెమ్మదించలేదు. రైసుమిల్లులా ఒకటే హోరు.

"తల పగిలిపోతోంది. తగ్గించరా," అన్నాను.

"అదే సర్దుకుంటుందిలేమ్మా."

"మీ అమ్మ చెప్తే ఇంజనైనా వినాల్సిందే. నువ్వెంత," అన్నారు మావారు.

బ్రహ్మం నవ్వుతూ బానెట్ ఎత్తి ఒక స్క్రూ తిప్పాడు. హోరు తగ్గింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఇప్పటికీ గుర్తుంది.

ఘాట్ రోడ్డు సగం ఎక్కాక కాలిన వాసన వచ్చింది. ముందు నుంచి సన్నగా ఆవిరి. బండి పక్కకి తీసి ఆపాడు. వాడు వెనక డిక్కీలోంచి నీళ్ళ క్యాను తీస్తున్నాడు. ఈయన లోపలికి తొంగిచూసి, "ముల్లు కిందే ఉందిగా, ఏం కాదు," అంటూ తువ్వాలు చుట్టి రేడియేటరు మూత తిప్పారు.

ఆయన వడ్రంగి. ఇప్పుడు రెండు కళ్ళూ కనపడవు.

డాక్టరుకి, మా బావగారికి, అడిగిన ప్రతివాళ్ళకీ బ్రహ్మం ఒకటే మాట చెప్పాడు, స్క్రూ తిప్పింది నేనేనని. తిప్పమన్నది ఎవరో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మస్తాన్ గారు వాడి ప్రశ్న విని, స్టవ్ మీద నీళ్ళు పెట్టమన్నారు. మా కారులోంచి విప్పిన, ఇంజన్ నీళ్ళ వేడి కొలిచే సెన్సరు ఒకటి బల్ల మీద ఉంది. వేలంత ఇత్తడి ముక్క. దానికి వైరు కలిపి గోడకున్న పాత మీటరుకి తగిలించారు. నీళ్ళు మరిగాయి.

"ముంచు."

బ్రహ్మం దాన్ని గిన్నెలో ముంచాడు. ముల్లు మెల్లగా లేచి ఎర్రగీత దాకా పోయింది.

"తీసి పక్కన పట్టుకో."

తీశాడు. కాసేపటికి ముల్లు కిందికి దిగిపోయింది.

"నీళ్ళు చల్లారాయా?"

"లేదు గురువుగారూ. మరుగుతున్నాయి."

"ఆరేళ్ళూ నా దగ్గర టీలే పెట్టావో, ఇంకేమన్నా నేర్చుకున్నావో చూద్దాం. చెప్పు."

బ్రహ్మం సెన్సరుని మళ్ళీ నీళ్ళ దాకా దించి పైకి తీశాడు. తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పాడు. "కొత్త గొట్టం వేశాక లోపలి గాలి పూర్తిగా తీయలేదు. నీళ్ళు అందక సెన్సరు గాల్లో ఉండిపోయింది. అందుకే ముల్లు లేవలేదు. కంప్యూటరు కూడా ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పోసినట్టు పెట్రోలు ఎక్కువ పోసింది. అందుకే ఆ హోరు."

"ఆ హోరుని నువ్వేం చేశావు?"

"నోరు మూశాను," అన్నాడు బ్రహ్మం.

గిన్నెలో నీళ్ళు ఇంకా మరుగుతూనే ఉన్నాయి.

"మూయమన్నది నేను, మస్తాన్ గారూ," అన్నాను. "నా తలనొప్పి కోసం. ఇరవై మూడు రోజులైంది. ఆయనక్కూడా చెప్పలేదు. వీడి మీదికి మాట వస్తుంటే పక్కనే నిలబడి విన్నాను."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఆసుపత్రి వరండాలో బావగారు వీణ్ణి అన్న మాటలు, అప్పుడు నేను కొంగు నోట్లో కుక్కుకున్న సంగతి, అన్నీ చెప్పాను. నా గొంతు పెద్దదవుతోందని నాకే తెలుస్తోంది.

బ్రహ్మం కంగారుగా వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "అమ్మా, ఊరుకో. ఇప్పుడవన్నీ ఎందుకు? ఊరుకో."

మస్తాన్ గారు స్టవ్ ఆర్పారు. గిన్నె దించి, వాడి వైపు తిరక్కుండానే అన్నారు.

"మళ్ళీ స్క్రూ తిప్పుతున్నావు, బ్రహ్మం."

వాడు చెయ్యి తీసేశాడు. నేను చెప్పాల్సింది మొత్తం చెప్పేదాకా పక్కనే నిలబడి విన్నాడు. పని మానేసే మాట ఆ రోజు ఎత్తలేదు.

ఇల్లు చేరేసరికి సన్నగా వాన మొదలైంది. గేటు చప్పుడుకి మావారు మంచంలో లేచి కూర్చుని, ముఖం గుమ్మం వైపు తిప్పారు.

"ఎవరెవరు వచ్చారు? అందరూ క్షేమంగా వచ్చారా?"

"బ్రహ్మం వచ్చాడు," అన్నాను. "వైదేహి ఇక్కడే, మీ పక్కనే ఉంది." వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. "నేనూ వచ్చానండీ. మీతో ఒక మాట చెప్పాలి."