గజ్జె కట్టాక గుక్కెడు నీళ్లు

“మాత్ర మానెయ్యనా, కథ మానెయ్యనా? రెంట్లో ఏదో ఒకటి మీరే చెప్పండి గురువుగారూ,” అని శేషుకుమారి అడిగింది. అడిగింది హరికథలు చెప్పే హైమవతమ్మ గారిని. ఆవిడ పక్కన మృదంగం వాయిస్తూనే నా జుట్టు నెరిసింది. ఏ శిష్యురాలు ఏమడిగినా ఆవిడ తిన్నగా జవాబు చెప్పగా నేను చూసిన పాపాన పోలేదు. అడిగినవాళ్లని ఏదో ఒక పనిలోకి దింపేవారు. ఆ పనిలో వాళ్లకేమైనా తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే వాళ్ల ఖర్మ.

శేషుకుమారి సంగతి కొంచెం చెప్పాలి. గొంతూ అభినయమూ రెండూ ఉన్న పిల్ల ఆవిడ శిష్యుల్లో తనొక్కతే. అలాంటిది ముప్పై దాటీ దాటకుండానే ఉన్నట్టుండి చతికిలబడింది. ఒంట్లో చూస్తే జబ్బేం లేదు. గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోదు, తిండి అడగదు, తాళం వేసే చిరుతలు చేతికిస్తే పక్కన పెట్టేస్తుంది. చుట్టాలు దిష్టన్నారు, బద్ధకమన్నారు, పెళ్లి చేస్తే అదే పోతుందన్నారు. హైమవతమ్మ గారు ఒక్కరి మాటా చెవిన పెట్టలేదు. “గొంతు పోతే డాక్టరు దగ్గరికి పరిగెడతాం కదా, మనసు పోతే ఇంట్లో కూచోబెట్టి తిడతామా?” అని పిల్లని బస్సెక్కించి రాజమండ్రి తీసికెళ్లారు. అక్కడి డాక్టరమ్మ నిదానమైన మనిషి. దీన్ని డిప్రెషన్ అంటారనీ, మందులున్నాయనీ, అయితే ఏ మందు ఎవరికి పడుతుందో వాడి చూస్తేనే తెలుస్తుందనీ, కొన్ని వారాలు ఓపిక పట్టాలనీ ముందే చెప్పారు.

మొదటి మాత్రకి కడుపులో ఒకటే తిప్పుడు. అన్నం వాసనొస్తే చాలు, పెరట్లోకి పరుగు. పోనీ గుణం కనిపించిందా అంటే అదీ లేదు, వారాలు గడిచినా మనసు ఉన్నచోటే ఉంది. డాక్టరమ్మ దాన్ని మెల్లగా తగ్గించి ఇంకోటి రాశారు. రెండోదానికి నిద్ర. కూచున్నచోట కునుకు, నిలబడితే తూలు. చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన సాహిత్యం సగంలో ఆగిపోయేది. “నేను మందులకి కూడా పనికిరాని దాన్ని,” అని ఆ పిల్ల వెక్కివెక్కి ఏడిచింది. “పనికిరానిది నువ్వు కాదే, ఆ మాత్ర,” అని హైమవతమ్మ గారు మళ్లీ బస్సెక్కించారు. మూడోది పట్టింది. ఒక్కరోజులో కాదు లెండి. ముందు ఆకలి వచ్చింది, ఆ తర్వాత కోపం వచ్చింది. ఓ పొద్దున గురువుగారింట్లో భోజనానికి కూచుని “పప్పులో ఉప్పేదీ?” అని విసుక్కుంది. హైమవతమ్మ గారు ఉప్పు తెస్తానని వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అయితే ఆ మూడో మాత్రకీ ఓ తిరకాసుంది. నోరు ఎండిపోతుంది. అదీ మామూలుగా కాదు. నాలుక అంగిటికి అంటుకుపోయి, పాట ఎత్తుకుంటే గరగర తప్ప ఏమీ రాదు. ఈ సంగతి చెబితే డాక్టరమ్మ మోతాదు కాస్త సర్దారు. చక్కెర లేని బిళ్ల చప్పరించమన్నారు. నీళ్లు దగ్గర పెట్టుకుని గుక్కా గుక్కా తాగుతూ ఉండమన్నారు. “చాలామందికి ఉండేదే, తట్టుకోవచ్చు. మీ అంతట మీరు మాత్రం మానెయ్యకండి,” అని మరీ మరీ చెప్పారు. ఇంకొకళ్లకైతే ఎంత సులువైన సలహా! మా దగ్గర అదొక్కటే కుదరని పని.

ఎందుకంటే ఈ పరంపరలో ఒక నియమం ఉంది. కాలికి గజ్జె కట్టాక మంగళం పాడేదాకా మంచినీళ్లు ముట్టకూడదు. హైమవతమ్మ గారి గురువు ముట్టలేదు, ఆయన గురువూ ముట్టలేదు. ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో కథ చెప్పిన రోజున కూడా ఈవిడ పెదవి తడుపుకోలేదు. పందిళ్లు వేసేవాళ్లు ఈ విషయం మైకులో చాటి మరీ పరిచయం చేసేవారు. ఆవిడ వద్దనేవారు కాదు, లోపల గర్వం ఉండేది. పాట ఆగి నేనొక్కణ్ణే తని వాయిస్తుంటే ఆ సందులో ఓ శిష్యురాలు నీళ్ల సీసా ఎత్తి తాగిందని ఆ అమ్మాయితో కొన్నాళ్లు మాటలు మానేశారు కూడా. అంచేత శేషుకుమారికి ఎటు చూసినా దారి మూసుకుపోయినట్టే కనిపించింది. మాత్ర ఉంటే కథ లేదు. మాత్ర మానితే మళ్లీ ఆ గోడే.

ప్రశ్న విన్నాక కూడా హైమవతమ్మ గారు బీరకాయ చెక్కు తీస్తూ కూచున్నారు. చివరికి, “ఈ పూట మాత్ర వేసుకున్నావా?” అన్నారు.

“లేదండి. నిన్నా వేసుకోలేదు.”

“ఓసి నీ దుంప తెగ! ఆ ముక్క ఇప్పుడా చెప్పడం? ముందు డాక్టరమ్మకి ఫోను చేసి, నిన్న మానేశానమ్మా, ఇవాళేం చెయ్యమంటారని అడుగు.” పిల్ల ఫోను చేసింది. ఎప్పటిలాగే ఒక్కటే వేసుకోమని, నిన్నటిది కలిపి మింగొద్దని డాక్టరమ్మ చెప్పారు. ఆ ఒక్కటీ తన కళ్లెదురుగా మింగించాక హైమవతమ్మ గారు అన్నారు, “రేపు నవమి పందిట్లో నా వెనక నిలబడు. పల్లవులన్నీ నువ్వే అందుకోవాలి.”

“నోరెండిపోతుంది గురువుగారూ.”

“ఎండనీ.”

నాకు ఒళ్లు మండింది. పిల్ల దారి అడిగితే ఈవిడ శిక్ష వేస్తున్నారేమిటి అనుకున్నాను. పైకి అనే ధైర్యం మాత్రం లేకపోయింది.

పందిరి ఆలమూరు దాటాక ఓ పెద్ద ఊళ్లో. పొద్దు వాలుతుండగా గజ్జెలు కట్టారు. ఆ పందిరి వేయించిన సత్తిరాజు గారు మైకు అందుకుని, “గజ్జె కట్టాక గంగ ముట్టని తల్లి!” అని నాలుగు వీధులకీ వినబడేలా పొగిడారు. జనం చప్పట్లు కొట్టారు. శేషుకుమారి మొహం పాలిపోయింది.

ఆవేళ ఎత్తుకున్నది సముద్రం దాటే ఘట్టం. స్వామి కార్యం మీద ఆకాశాన ఎగిరిపోతున్న బంటుని చూసి నడిసముద్రంలోంచి ఓ కొండ పైకి లేస్తుంది. అలిసిపోయావు నాయనా, క్షణం ఆగి, పళ్లు తిని నీళ్లు తాగి వెళ్లు అంటుంది. ఆయన ఆగడు. కొండని చేత్తో నిమిరి, పనయ్యేదాకా ఆగనని చెప్పి సాగిపోతాడు. ఈ చోట హైమవతమ్మ గారు ఒంటికాలి మీద గిర్రున తిరిగి, చిరుతలు పైకెత్తి, ‘ఆగను’ అని పై స్థాయిలో పాడతారు. వెనకున్నవాళ్లు దాన్ని అందుకోవాలి. జనం వచ్చేదే దీనికోసం.

శేషుకుమారి అప్పటికే అవస్థ పడుతోంది. మొదటి పల్లవి ఎలాగో లాక్కొచ్చింది. రెండోదానికి గొంతు జీరపోయింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను మృదంగం కాస్త గట్టిగా వాయించి కప్పబోయాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోట్లో తడి లేదు. ఇంకో నిమిషానికి వేదిక దిగిపోతుంది. దిగితే మళ్లీ ఎక్కదు, ఇంటికెళ్లి ఆ మాత్రలన్నీ చెత్తబుట్టలో పారేస్తుంది. అది నాకు ఖాయంగా తోచింది, భయమేసింది.

అప్పుడు కథలో కొండ లేచింది. నీళ్లు తాగి వెళ్లమని కొండ గొంతుతో హైమవతమ్మ గారు పాడారు. ఇక రావలసింది ‘ఆగను’. నేను చెయ్యెత్తి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తిరగలేదు. చిరుతలు దించేసి పందిరంతా ఒకసారి చూశారు.

“ఆయన ఆగలేదు,” అన్నారు మామూలు గొంతుతో. “ఆయన వాయుదేవుడి బిడ్డ. నేను మామూలు మనిషిని, నాకు దాహంగా ఉంది. నీళ్లు తెండి.”

ఎవరూ కదల్లేదు. నా చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. ఈవిడ వేదిక మీద నీళ్లు పెట్టాలని ఎవరికి తోస్తుంది? సత్తిరాజు గారు తేరుకుని పానకం బిందె వైపు పరిగెత్తారు. “పానకం కాదయ్యా, మంచినీళ్లు!” అని కేకేశారు ఆవిడ. స్టీలు గ్లాసు వచ్చింది. ఊరందరి ఎదుటా, గజ్జె కట్టిన కాళ్లతో నిలబడి, తొందరేమీ లేనట్టు సగం గ్లాసు తాగారు. మిగతా సగం వెనక్కి చాచి, “తాగవే,” అన్నారు.

శేషుకుమారి రెండు చేతులా గ్లాసు అందుకుంది. తాగింది.

“అమ్మా, ఇన్నేళ్ల నియమం!” అన్నారు సత్తిరాజు గారు, తన సొంత పొలం పోయినట్టు.

“నియమం నాది సత్తిరాజు గారూ. మీరు కూచుని కథ వినండి.” మళ్లీ గ్లాసు నింపించి, శేషుకుమారికి చెయ్యందే చోట పెట్టించి, చిరుతలెత్తారు.

‘ఆగను’ అని ఆవిడ పాడారు. పిల్ల అందుకుంది. అమృతం కురిసిందని అబద్ధం చెప్పను, గొంతు బొంగురుగానే ఉంది. రెండు చరణాలయ్యేసరికి మళ్లీ ఎండింది. వంగి ఓ గుక్క తాగింది, లేచి పాడింది. మళ్లీ ఎండింది, మళ్లీ తాగింది, మళ్లీ పాడింది. పళ్లు బిగబట్టి పాడిందని నాకు తెలుసు, పక్కనే ఉన్నాను కదా. జనం మొదట గ్లాసు వైపే చూశారు. కాసేపటికి ఆ సంగతి మరిచిపోయి కథలో పడ్డారు. మంగళం దాకా ఆ పిల్ల ఒక్క పల్లవి కూడా వదల్లేదు.

గజ్జెలు విప్పుతుంటే నేనుండబట్టలేక అడిగాను. “అమ్మా, ఇక మైకులో మీ గురించి ఏం చెబుతారు?”

“కథ బావుంటుందని చెప్పమను పేర్రాజూ. ఎప్పుడో అప్పుడు ఆ మాటా అనాలిగా,” అని నవ్వారు.

శేషుకుమారి వచ్చి కాళ్ల దగ్గర కూచుంది. మొహమంతా చెమట, కళ్లలో నీళ్లు. “నా మూలాన మీ నియమం పోయింది గురువుగారూ. కానీ నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు,” అంది.

హైమవతమ్మ గారు రెండో కాలి గజ్జె విప్పి, దులిపి, సంచిలో పెట్టుకున్నారు.

“వచ్చే నెల ముమ్మిడివరంలో కథ ఒప్పుకున్నాను. ముందు నిలబడేది నువ్వు,” అన్నారు. “ఈలోగా మంచి చెంబొకటి కొనుక్కో. ప్రతిసారీ నా ఎంగిలి తాగుతానంటే కుదరదు.”