బొల్లి పొట్టలో కత్తెర

మొక్కజొన్న చేను పక్కనే సత్తెమ్మ పశువుల పాక. అందులో కపిల అనే ఆవు, దాని పది రోజుల పెయ్య బొల్లి, అరక లాగడం మానేసిన ముసలి ఎద్దు వీరన్న ఉండేవి. చేలో ఒక కుంటి నక్క కాపురం. పరిగెత్తలేదు గనక మాటలతోనే వేటాడేది. బొల్లిని చూసిన రోజు నుంచి దాని నోట్లో నీళ్ళు ఆగడం లేదు. కపిల కొమ్ములు చూస్తే మాత్రం ఆ నీళ్ళు వాటంతటవే ఇంకిపోయేవి.

ఒక సాయంత్రం బొల్లి కడుపునిండా పాలు తాగి, చెంగుచెంగున గంతులేసి, పాక వెనకాల కాసింత కక్కింది. తెల్లగా, గడ్డలు గడ్డలుగా పడింది.

నక్క చేలోంచి తల బయటపెట్టింది. "అయ్యయ్యో అమ్మడూ! మీ అమ్మ పాలు విరిగిపోయాయే!"

"విరిగితే ఏమవుతుంది మామా?"

"ఏమవుతుందా? తాగినప్పుడు పల్చగా ఉన్నాయా లేదా? ఇప్పుడు చూడు, ముద్దలు! ఇంకో రెండు పూటలు తాగావంటే పేగులు పుచ్చిపోతాయి."

"అమ్మో! అమ్మకి చెప్పేస్తా."

"చెప్పకే తల్లీ! తన పాలు విషమని తెలిస్తే గుండె పగిలి చస్తుంది. గుట్టుగా తాగడం మానెయ్. అంతే."

పిచ్చి బొల్లి నమ్మేసింది.

పొద్దున్నే సత్తెమ్మ దూడని విప్పింది. దూడ కాసేపు చప్పరిస్తేనే కపిల చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. ఆ తర్వాత దూడని పక్కకి లాగి కట్టేసి పితుక్కోవాలి. బొల్లి మూతి తిప్పేసుకుంది. కపిల చేపలేదు. సత్తెమ్మ ఖాళీ తపేలా ఊపుకుంటూ ఇంటికి పోయింది. చేలోంచి నక్కకి పాక లోపల కనపడదు గానీ ఆ దారి బాగా కనపడుతుంది. సాయంత్రం కూడా తపేలా ఖాళీయే. మర్నాడు పొద్దున్నా అంతే. నక్క తోక కాలు మీద కాలేసుకు కూర్చున్నంత ధీమాగా ఊగింది.

మధ్యాహ్నానికి బొల్లి కాళ్ళు తడబడ్డాయి. కపిల అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. వీరన్న దగ్గరికొచ్చి గద్దిస్తే బొల్లి ఏడుస్తూ అంతా కక్కేసింది, ఈసారి మాటల్లో.

వీరన్న నవ్విన నవ్వుకి మెడలో గంట గణగణలాడింది. "ఓసి వెర్రిదానా! ఆ ముద్దలు రోగం కాదే, నీ పొట్ట పనితనం! మనకి పొట్టలో నాలుగు గదులు. చివరి గదిలో నీకో బుల్లి కత్తెర ఉంది. పశువుల డాక్టరు చెప్పగా విన్నాను, దాన్ని ఎంజైము అంటారట. పాలలోని ప్రోటీనుని అది సరిగ్గా ఒక్క చోట కత్తిరిస్తుంది. టక్! పాలు గడ్డకడతాయి."

"ఎందుకు కట్టాలి తాతా?"

"పల్చగా ఉంటే జర్రున జారిపోవూ? గడ్డకడితే పొట్టలో నిలిచి, నెమ్మదిగా అరిగి, ఒంటికి పడతాయి."

"నీకూ ఉందా ఆ కత్తెర?"

"నాది పెద్ద కత్తెర! ప్రోటీను కనపడితే ఎడాపెడా నరుకుతుంది. కోట్ల ఏళ్ల కిందట కత్తెర ఒక్కటేనట. ఏ తరంలోనో అది రెండయింది. ఒకటి పాత పనిలో ఉండిపోయింది, రెండోది పసివాళ్ల పాల కోసం పని మార్చుకుంది. నువ్వు గడ్డికి అలవాటు పడ్డాక చిన్నది తగ్గి పెద్దది అందుకుంటుంది. ఆ నక్క పొట్టలోనూ పెద్ద కత్తెరేనే! దానికి నిన్ను అప్పగిద్దామని చూస్తోంది."

బొల్లి ఒళ్ళు ఝల్లుమంది. భయంతో కాదు, తన బుల్లి పొట్టలో ఇంత తతంగం నడుస్తోందా అని! "తాతా, ఆకలి!" అని ఒక్క కేక పెట్టింది.

"ఉండు. చేలోంచి ఖాళీ తపేలా చూసేగా ఆ నక్క మురిసిపోతోంది? మనమూ ఖాళీ తపేలాయే చూపిద్దాం," అంటూ వీరన్న కొమ్ముతో బొల్లి కట్టుకొయ్య పెకలించాడు.

బొల్లి పొదుగు మీద పడింది. నురగలు నురగలుగా, చివరి బొట్టు దాకా లాగేసింది. సాయంత్రం వచ్చిన సత్తెమ్మ, "ఓసి దొంగదానా, అన్నీ తాగేశావా!" అని నవ్వి, సంతోషంగా ఖాళీ తపేలా ఊపుకుంటూ వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే వీరన్న కపిల కట్టుకొయ్య కూడా కదిలించి పెట్టాడు.

కపిల కట్టేసి ఉందన్న ధైర్యంతో నక్క లొట్టలేసుకుంటూ లోపలికొచ్చింది. బొల్లి నాలుక వేలాడేసి పడుకుని ఉంది.

"అమ్మడూ, తాగలేదు కదా?"

"నిలబడే ఓపిక కూడా లేదు మామా. దగ్గరికి రా."

నక్క వంగింది. బొల్లి వెనక కాళ్ళు రెండూ లేచి దాని దవడ మీద పడ్డాయి! తూలి వెనక్కి తిరిగేసరికి కపిల కొమ్ములు ఎదురొచ్చాయి. గుమ్మం వైపు దూకితే వీరన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు. కపిల ఒక్క విసురు విసిరితే నక్క పాక దాటి పేడగుంటలో పడింది.

"ఒరే, నీ పొట్టలో కత్తెర పదునుగానే ఉంది గానీ," అని అరిచాడు వీరన్న, "ఈ పూటకి దానికి గాలే గతి!"

పేడ కారుతూ కుంటుకుంటూ పోయే నక్క వెనకాల బొల్లి కేక వినపడింది: "మామా, పాలు గడ్డకట్టాయి! భలే గడ్డకట్టాయి!"

తన ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకున్నవాళ్ళని బెదిరించి బతకడం కష్టం.