కుండలు కడిగిన నీళ్ళు

ఏ రాజుగారి కాలమో గానీ, ఆయన పాలశాలలో కుండలు కడిగే గురవమ్మకు నెల్లాళ్ళుగా ముద్ద దిగడం లేదు. కడిగిన నీళ్ళు పులిసి వాగంతా కంపు కొడుతోంది. పాలశాల అధికారి భూపతయ్య, "పాలు మనవి ప్రభూ, ఆ కుళ్ళునీళ్ళు మాత్రం గురవమ్మవి" అని చేతులు దులుపుకున్నాడు. వచ్చే పున్నమిలోగా కంపు పోకపోతే ఊరు విడిచి పొమ్మని గురవమ్మతో అన్నారు రాజుగారు.

గురవమ్మ గొయ్యి తవ్వి, నీళ్ళు అందులో పోసి, పేడ కలిపి, పైన ఎద్దుతోలు కప్పి, అంచులు బంకమట్టితో మెత్తింది. కంపు ఆగింది. కానీ తోలు రోజురోజుకీ బానపొట్టలా ఉబ్బుతోంది. పగిలితే తన పని అయిపోయినట్టేనని హడలిపోయి, గాలి పోవడానికి వెదురు గొట్టం గుచ్చింది. పక్కనే పొయ్యి రాజేస్తుంటే గొట్టం కొసన నీలంగా మంట లేచింది!

పున్నమినాడు రాజుగారు వచ్చేసరికి ఆ మంట మీద గురవమ్మ అన్నం కుతకుతలాడుతోంది. భూపతయ్య ముందుకు దూకాడు.

"పాలు మనవైతే కడిగిన నీళ్ళూ మనవే ప్రభూ! ఈ మంట మన వంటశాలకే చెందాలి."

గురవమ్మ గొయ్యి వైపు చూసింది. గొయ్యి వంటశాలవాళ్ళు తీసుకుని తనని రానివ్వకపోతే రేపటి నీళ్ళు మళ్ళీ వాగులోకి, తప్పు మళ్ళీ తన మెడకి. చేతులు జోడించింది.

"అలాగే తీసుకోండి బాబూ. నీళ్ళు మొదట్నించీ మీవేనన్నమాట. మరి ఆ కంపుకి ఊరు విడిచి పోవాల్సింది ఎవరో కూడా తమరే చెప్పండి."

రాజుగారు భూపతయ్య వైపు తిరిగారు.

"నీళ్ళు... గురవమ్మవే ప్రభూ" అని గొణిగాడు భూపతయ్య.

ఆ పూట గురవమ్మ కడుపునిండా తింది.